కనుబొమల పాఠం

టీచరమ్మకు కళ్లకలక వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే ఆ ఏడాది కూడా తన క్లాసును చూసుకుని మురిసిపోతూ గడిపేసేది.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. అది వినికిడి లేని పిల్లల బడి. ఆవిడ గదిలో ఆరేడేళ్ల వాళ్లు ఏడుగురున్నారు. ఒకరి చేతులు ఒకరికి కనబడాలి కాబట్టి బల్లలు అర్ధచంద్రంలా వేసి ఉంటాయి. అందరినీ పిలవాలంటే లైటు ఆర్పి వెలిగించాలి, లేకపోతే చెక్కనేల మీద కాలితో గట్టిగా తట్టాలి. వాళ్లకు చదవడం నేర్పడానికి ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. వినబడే పిల్లకి 'కుక్క' అని రాసి చూపిస్తే, వెయ్యిసార్లు విన్న మాటే కాగితం మీద కనబడుతుంది. ఈ పిల్లలకు ఆ మాటే లేదు. వాళ్ల దగ్గరున్నది సైగ. ఆ సైగకీ, కాగితం మీది వంకర గీతలకీ ముడి వెయ్యాలి. వేసిన ముడి తెల్లారేసరికి ఊడిపోతుంది, మళ్లీ వెయ్యాలి. అలా రెండేళ్లు గడిచాక, కార్డు చూపించడమే ఆలస్యం, పిల్లల చేతులు గాల్లోకి లేస్తున్నాయి. 'గంపలో పిల్లి ఉంది' అని రాస్తే గంపా పిల్లీ రెండూ చూపిస్తున్నారు. ఇక ఆవిడ కాళ్లు నేల మీద నిలుస్తాయా?

ఆ ఏడుగురిలో ఒక పిల్లను బడి మొత్తం పిడుగు అంటుంది. రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది. కోపమొస్తే బల్ల మీద గుద్దుతుంది, ఆ అదురు మోచేతుల్లోంచి అందరికీ తెలిసిపోతుంది. అందరికన్నా ముందు సైగ చేసేదీ అదే.

పిల్లలు ప్రతి టీచరుకూ ఒక సైగపేరు పెట్టుకుంటారు. డ్రాయింగ్ మాస్టారంటే మీసం మెలెయ్యాలి. బడి నడిపే పెద్ద మేడమ్ అంటే ముక్కు మీద కళ్లద్దాలు పైకి తోసుకోవాలి. టీచరమ్మ పేరేమో, వేలితో కనుబొమ పైకెత్తడం. తన కనుబొమలు ఒత్తుగా ఉంటాయి కాబట్టి అలా పెట్టారని ఆవిడ అనుకుంది, అమాయకురాలు.

ఒకరోజు పెద్ద మేడమ్ ఆవిణ్ని ఆఫీసు గదికి పిలిచింది.

"వచ్చే ఏడాది మీ చదువు పీరియడ్లు రెండూ చేతిపనికి ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. పిల్లల ఇళ్లల్లో అదే అడుగుతున్నారు. కుట్టడమో అల్లడమో వస్తే రేపు నాలుగు మెతుకులు తింటారని వాళ్ల ఆశ."

"అదేంటి మేడమ్! మావాళ్లు చదివేస్తున్నారు కదా!"

"మీరు నేర్పినవి చదువుతున్నారు. కొత్త పుస్తకం చేతికిస్తే చదువుతారా?"

"ఏ పుస్తకమైనా తెచ్చుకోండి. ఏ రోజైనా సరే."

నోరు జారడం అంటే ఇదే. పెద్ద మేడమ్ చెడ్డది కాదు, కానీ పట్టిన మాట వదిలే రకం కూడా కాదు.

"సరే అయితే. టర్మ్ చివర నేనే ఒక పుస్తకం తెస్తాను. పిల్లలే కాదు, మీరు కూడా చూసి ఉండకూడదు. ఒక్కరంటే ఒక్కరు ఒక్క పేజీ సొంతంగా చదివి చెప్పినా చాలు, మీ పీరియడ్ల జోలికి రాను. లేదంటే మాత్రం మీరు మారుమాట్లాడకూడదు."

"ఒక్కరెందుకు, ఏడుగురూ చెప్తారు చూడండి" అని వచ్చేసింది టీచరమ్మ.

ఆ వెంటనే కళ్లకలక తగులుకుంది. కొన్నాళ్లు సెలవు పెట్టింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాక, వెలుతురు పడక నల్లకళ్లద్దాలు పెట్టుకుని బడికొచ్చింది. మామూలుగానే 'గంప' కార్డు పైకెత్తి పిడుగు వైపు చూసింది.

పిడుగు కార్డు చూసింది. టీచరమ్మ ముఖం చూసింది. ముఖంలో సగం నల్లగా ఉంది. సందేహంగా 'బంతి' అని సైగ మొదలుపెట్టి, సగంలో ఆపి ముఖం వైపు చూసింది. 'కుక్క' అని మొదలుపెట్టి మళ్లీ చూసింది. 'కాలి చెప్పా?' అని అడిగింది. టీచరమ్మ ఆ కార్డే పక్కనున్న బొద్దబ్బాయికి చూపిస్తే వాడూ అంతే. ఏడుగురూ అంతే.

సెలవుల్లో మర్చిపోయి ఉంటారనుకుంది టీచరమ్మ. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి అద్దాలు తీసింది. అదే కార్డు ఇంకా చేతిలో ఉంది. పిడుగు టక్కున 'గంప' అంది.

టీచరమ్మను ఏదో అనుమానం తొలిచింది. బోర్డు మీద ఎన్నడూ నేర్పని మాట ఒకటి, 'చీమ' అని రాసింది. రాసి, గోడకి అంటించిన రైలు బొమ్మ వైపు కావాలనే ఒక్క చూపు విసిరి, కనుబొమలు కొంచెం ఎత్తింది.

ఏడు జతల చేతులు గాల్లోకి లేచి రైలు నడిపించాయి. ఒక్కరు కూడా బోర్డు వైపు రెండోసారి చూడలేదు.

పిల్లలు ఇన్నాళ్లూ చదివింది కార్డులు కాదు, తన ముఖాన్ని. జవాబున్న వైపు తన కళ్లు పోతున్నాయి, సైగ సరిగ్గా మొదలవగానే కనుబొమలు పైకి లేస్తున్నాయి, తనకు తెలియకుండా, రెండేళ్ల నుంచి. పిల్లలు దాన్ని కనిపెట్టడమే కాదు, దాన్నే ఆవిడకు పేరుగా కూడా పెట్టి రోజూ ఎదురుగా చెప్తున్నారు. అయినా ఆవిడకు బుర్రకెక్కలేదు.

పిల్లల మీద కోపం రాలేదు. వస్తే పాపం. పుట్టిన దగ్గర్నుంచి వాళ్లకు లోకం సంగతులన్నీ తెలిసేది ఎదుటివాళ్ల ముఖాల్లోనే. ముఖం చదవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. తప్పు తనది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు, తన మీద తనకే.

స్టాఫ్ రూములో డ్రాయింగ్ మాస్టారికి చెప్పింది. ఆయన మీసం మెలేస్తూ విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇందులో కొంప మునిగిందేముందండీ? ఆ రోజు మీరు పిల్లలకి ఎదురుగా నిలబడండి. పేజీ మీద ఒక కన్నేసి ఉంచండి. మిగతాది మీ ముఖమే చూసుకుంటుంది. పీరియడ్లు దక్కుతాయి."

"పీరియడ్లు దక్కుతాయి. చదువో?"

"అది తర్వాత మెల్లగా నేర్పుకోవచ్చు కదా."

"రెండేళ్లు మెల్లగానే నేర్పాను మాస్టారూ. ఏమొచ్చిందో చూశారుగా."

అక్కడ కూర్చుంటే మనసు ఎక్కడ మెత్తబడుతుందోనని భయమేసింది. లేచి నేరుగా ఆఫీసు గదికి వెళ్లింది.

"మేడమ్, ఆ రోజు నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను."

"ఎందుకండీ?"

ఎందుకో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. పెద్ద మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"అంటే మీ పిల్లలకు చదవడం రాదన్నమాట."

"ఇవాళ రాదు."

"ఒప్పుకున్నాక ఇంకా పరీక్ష దేనికి? టైమ్‌టేబుల్ ఇప్పుడే మార్చేస్తే పోలేదా?"

"టర్మ్ చివర అన్నారు మేడమ్. టర్మ్ ఇంకా అవలేదు."

పెద్ద మేడమ్ టైమ్‌టేబుల్ కాగితం పక్కకు పెట్టేసింది. టీచరమ్మ మొండిఘటమని ఆవిడకు కొత్తగా తెలియాల్సిన పని లేదు.

మర్నాడు టీచరమ్మ గొడుగు తెచ్చింది. కార్డు పట్టుకునే ముందు గొడుగు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకోవడం, ఇదీ ఆవిడ ఆలోచన. వాన లేదు, ఎండ లేదు, గదిలో గొడుగు! పిల్లలకు మొదట పండగే అయింది. పిడుగు బల్ల కిందినుంచి పాక్కుంటూ వచ్చి, గొడుగు అంచు కిందనుంచి తల పెట్టి ముఖంలోకి చూసింది. టీచరమ్మ గొడుగు దించింది. బొద్దబ్బాయి కుర్చీ ఎక్కి పైనుంచి చూశాడు. ఆ రోజు చదువు కన్నా దాగుడుమూతలే ఎక్కువ సాగాయి.

కానీ రోజూ అదే గొడుగయ్యేసరికి నవ్వులు పోయాయి. కార్డు తెలియదు, అడుగుదామంటే ముఖం లేదు. వినబడని పిల్ల ముందు ముఖం దాచుకోవడం అంటే ఆ పిల్లను గదిలోంచి బయటకు తోసి తలుపేసినట్టే. ఒక పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది. పిడుగు బల్ల మీద రెండు చేతులతో గుద్దుతూనే ఉంది, అరచేతులు ఎర్రబడేదాకా.

ఆ వారంలోనే పిడుగు అమ్మమ్మ వచ్చింది. ఆవిడ పెద్ద ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. నానిన చేతులు కొంగుకి తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

"ఏం టీచరమ్మా, మా పిల్ల ఏం తప్పు చేసింది? ఇంట్లో నా గొడుగు తీసి విరగ్గొట్టిందమ్మా! బంగారంలాంటి గొడుగు. ఎందుకే అంటే మీ పేరు చూపించి, ముఖం మూసుకుని ఏడ్చింది."

"తప్పు దానిది కాదు అమ్మమ్మగారూ. నా ముఖం చూసి జవాబు చెప్పేస్తోంది. చదవడంలేదు."

"అదంతా నాకు తెలీదు తల్లీ. దానికి మాట వినబడదు. ముఖమే కదా దానికి మాట. తిట్టాలనుంటే ఎదురుగా నిలబడి తిట్టండి. పిల్లకి ముఖం లేకుండా చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

టీచరమ్మ గొడుగు మడిచి గోడకి చేర్చింది. ఇంతవరకు ఆవిడ ఒక్కరికీ తగ్గి మాట్లాడింది లేదు, ఈ ముసలావిడ ముందు మాత్రం తల వంచింది. అమ్మమ్మ వెళ్లిపోయాక ఖాళీ గదిలో చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ముఖం తీసెయ్యకూడదు. ఉంచితే వాగుతుంది. నోరు మూసుకుంటే కళ్లు వాగుతాయి, కళ్లు మూసుకుంటే కనుబొమలు. ఎందుకు వాగుతోంది? జవాబు దానికి తెలుసు కాబట్టి. తెలియకపోతే?

ఆ ముక్క తట్టగానే లేచి డ్రాయింగ్ మాస్టారిని వెతుక్కుంటూ పరుగెత్తింది. ఆయన కుంచెలు కడుక్కుంటున్నాడు.

"మాస్టారూ, నాకు రోజూ చీటీలు రాసిపెట్టాలి మీరు. నాతో ఏం పని చేయించాలో చీటీలో రాయండి. పిల్లలకు నేర్పిన మాటలే ఉండాలి, వాక్యం మాత్రం కొత్తది. అదే పని బొమ్మ గీసి, మడతపెట్టి కింద అంటించండి. నాకు మాత్రం ఏదీ చూపించకండి."

"మీతో ఏ పనైనా చేయించొచ్చా?"

"ఏ పనైనా."

మాస్టారి మీసం కింద చిన్న నవ్వు కదిలింది. ఆవిడ అప్పుడే జాగ్రత్తపడాల్సింది, పడలేదు.

ఆట ఇదీ. పిల్ల ఒక చీటీ తీసి చదవాలి. ఏం రాసుందో టీచరమ్మకు సైగ చెయ్యాలి. టీచరమ్మ ఆ పని చెయ్యాలి. తర్వాత మడత విప్పితే బొమ్మలో అసలు సంగతి తెలిసిపోతుంది. గొడుగు ఇంటికెళ్లిపోయింది. ముఖం మళ్లీ పిల్లలకు ఎదురుగా వచ్చింది.

మొదట తీసింది బొద్దబ్బాయి. చీటీలో తెలిసిన మాట ఒక్కటి పట్టుకుని 'కుర్చీ' అన్నాడు. టీచరమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుంది. మడత విప్పితే, టీచరమ్మ కుర్చీని నెత్తిమీద పెట్టుకుని నిలబడి ఉంది బొమ్మలో. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత అంతా అలాగే సాగింది. ఒక్క మాట పట్టుకుంటారు, మిగతాది టీచరమ్మ ముఖంలో వెతుకుతారు. అక్కడ దొరకదు. తప్పు సైగ చేస్తే ఆవిడ తప్పు పనే చేస్తుంది, బొమ్మ విప్పాక అందరూ తలలు పట్టుకుంటారు. రోజులు గడిచిపోతున్నాయి. టర్మ్ కరిగిపోతోంది. ఆవిడ మాత్రం ఏ పూటా చీటీలు మానలేదు. జ్వరం తగిలిన రోజు కూడా మానలేదు.

ఒక ఉదయం పిడుగు చీటీ తీసింది. చదివింది. టీచరమ్మ ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసినా ఏమీ కనబడలేదు. నెమ్మదిగా దగ్గరకొచ్చి, చిన్న వేలితో ఆవిడ కనుబొమను పైకి నెట్టి చూసింది, జవాబు దాని కిందేమైనా ఉందేమోనని.

టీచరమ్మ రెండు చేతులూ విప్పి 'నాకు తెలీదు' అంది.

పిడుగు నమ్మలేదు. 'నీకు తెలీదా?' అని మళ్లీ అడిగింది.

'నిజంగా తెలీదు. నువ్వే చెప్పాలి.'

ఆ పిల్లకు పెద్దవాళ్లెవరూ ఆ మాట చెప్పి ఉండరు. ఇంట్లో, వీధిలో, బడిలో అందరికీ అన్నీ తెలుసు, తెలియనిది తనకొక్కదానికే. అలాంటిది ఇప్పుడు టీచరమ్మే తన చేతులకేసి చూస్తూ కూర్చుంది. పిడుగు తల వంచుకుంది. ఒక్కో మాట మీదా వేలు పెట్టింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. బల్ల కిందికి ఒకసారి చూసుకుంది. అప్పుడు సైగ చేసింది. నువ్వు. పిల్లిలాగా. బల్ల కింద. నడువు.

టీచరమ్మ చేతులూ మోకాళ్లూ నేలకానించి బల్ల కింద దూరింది. నలభై దాటిన మోకాళ్లు కటకటమన్నాయి. అవతలివైపు తల బయటకు పెట్టేసరికి ఎదురుగా రెండు చెప్పులు కనబడ్డాయి. పెద్ద మేడమ్‌వి.

"ఏం చేస్తున్నారండీ?"

"చదువు చెప్తున్నాను మేడమ్" అంది టీచరమ్మ కింద నుంచే.

వెనకాల పిడుగు మడత విప్పింది. బొమ్మలో మాస్టారు టీచరమ్మకు పిల్లి మీసాలు, తోక కూడా పెట్టాడు. పిడుగు చీటీని రెండు చేతులతో నెత్తిమీదికెత్తి గదంతా గెంతింది. టీచరమ్మకు ఆ పూట మోకాళ్ల నొప్పి తెలియలేదు.

అయితే ఒక్క చీటీతో అన్నీ వచ్చేస్తాయా? ఏడుగురిలో ముగ్గురికి దారి దొరికింది, మిగతావాళ్లు తచ్చాడుతూనే ఉన్నారు. అనుకున్న రోజు రానే వచ్చింది.

పెద్ద మేడమ్ తాను కూడా ఇంకా చదవని కొత్త పుస్తకం పట్టుకుని వచ్చింది. బొమ్మలన్నిటి మీదా తెల్లకాగితాలు క్లిప్పులతో బిగించి తెచ్చింది, అంత గట్టి మనిషి. టీచరమ్మ కుర్చీ తీసుకెళ్లి స్విచ్చుబోర్డు పక్కన గోడకి ఎదురుగా వేసుకుని, క్లాసుకు వీపు పెట్టి కూర్చుంది.

ముందు బొద్దబ్బాయి. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. సైగలకు చప్పుడుండదు కదా, ఆవిడకు ఏం తెలుస్తుంది?

"రెండు వాక్యాలు చెప్పాడు. తర్వాత మీ వీపు వైపు చూస్తూ నిలబడిపోయాడు" అంది పెద్ద మేడమ్. "ఇంకొకరు."

ఇంకొక పిల్ల వచ్చింది. "మాటలు చెప్తోంది. కథ చెప్పలేకపోతోంది" అంది పెద్ద మేడమ్, కొంచెం మెత్తగా.

ఒక్కసారి తల తిప్పితే చాలు. ఒక్క చూపు. పిల్లలకు ధైర్యమైనా వస్తుంది. టీచరమ్మ మెడ నరాలు గుంజాయి. రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ కూర్చుంది. ఓడిపోతే ఓడిపోదాం, దొంగాటతో మాత్రం గెలవొద్దు అనుకుంది.

"మీ పిడుగు వచ్చింది, దీనికి ఇంకో పేజీ తీసిస్తున్నా" అంది పెద్ద మేడమ్.

కాగితం మీద వేలు జరుగుతున్న సన్నని రాపిడి. అది ఆగింది. మళ్లీ మొదటినుంచి జరిగింది. గోడ అవతల వరండాలో ఎవరో బకెట్టు దించారు.

ఉన్నట్టుండి పెద్ద నవ్వు. తన నవ్వు తనకే వినబడని పిల్ల నవ్వు అది. అదుపూ లేదు, మొహమాటమూ లేదు, గది కిటికీలు అదిరాయి. దానికి ముందు ఎవరూ నవ్వలేదు. ఎవర్నీ చూసి నవ్విన నవ్వు కాదు.

ఆ పేజీలో ఏముందో టీచరమ్మకు తెలియదు. ఆ గదిలో తెలిసింది ఆ పిల్లకొక్కదానికే.

"ఎందుకు నవ్వావని అడుగుతున్నా" అంది పెద్ద మేడమ్. కొంచెంసేపయ్యాక ఆవిడ గొంతులోనూ నవ్వు దొర్లింది. "ఎలుగుబంటి కటింగ్ షాపుకెళ్లిందట. మొత్తం తీసెయ్యమందట. అతను కత్తిరించీ కత్తిరించీ... ఆఖరికి చూస్తే కుర్చీలో కుక్కపిల్లంత మిగిలిందట! ఎంత మిగిలిందో రెండు వేళ్లతో చూపిస్తోంది. ఉండండి, నేనూ చూస్తా... అవునండీ. అదే రాసుంది. పొల్లుపోకుండా అదే." పెద్ద మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "టైమ్‌టేబుల్ మార్చను. ఇటు తిరగండి ఇక."

టీచరమ్మ తిరిగింది. కళ్లలో నీళ్లు నిండి గదంతా అలుక్కుపోయింది. పిడుగు ఆవిడకేసి పరుగెత్తుకొస్తుందనుకుంది. కనీసం చూస్తుందనుకుంది. పిడుగు చూడలేదు. ఊడిన జడ పేజీ మీద పడుతుంటే విదిలించుకుంటూ, పుస్తకంలోకి వంగి ఉంది.

పెద్ద మేడమ్ 'ఒక్క పేజీ చాలు, ఇలా ఇవ్వు' అని చెయ్యి చాపింది. పిడుగు తలెత్తలేదు. పెద్ద మేడమ్ బల్ల మీద తట్టింది. ఆ అదురు పిల్లకు తెలియకుండా ఉండదు. అయినా తలెత్తకుండానే, ఎడమ అరచెయ్యి పైకెత్తి ఇద్దరికీ చూపించింది.

ఆగండి.

కుడిచేత్తో పేజీ తిప్పింది.

"ఆగమంటోంది" అంది పెద్ద మేడమ్, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"ఆగుదాం మేడమ్" అంది టీచరమ్మ.

ఇద్దరూ చెరో చిన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఆ పిల్ల చదవడం అయ్యేదాకా.